పిల్లలతో శ్రీకాకుళం తీరానికి తాబేళ్ల హేచరీ చూడటానికి వెళ్లొచ్చా? ఎప్పుడు, ఎలా వెళ్లాలి?

మీరు అడిగింది ఇదీ: ఏప్రిల్ మొదటి వారంలో హైదరాబాద్ నుంచి అరసవల్లి, శ్రీకూర్మం దర్శనానికి వస్తున్నారు. వెంట పదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప ఉన్నారు. తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదలడం వీడియోలో చూసి వాళ్లిద్దరూ పట్టుబట్టారు. హేచరీ ఎక్కడ ఉంటుంది, టికెట్ ఎంత, ఏ టైముకి వెళ్లాలి, మా పిల్లల చేత కూడా వదిలించొచ్చా అని.

రండి. ఏప్రిల్ మొదటి వారం మంచి సమయమే. నేను చూసిన హేచరీల్లో, అంటే తాబేలు గుడ్లని తెచ్చి పిల్లలయ్యేదాకా కాపాడే చోట్లలో, టికెట్ అంటూ ఏమీ లేదు, కానీ అటవీ శాఖ వాళ్లకి ముందే చెప్పి, సరే అన్నాకే రావాలి. తెల్లవారుజామున ఐదింటికల్లా ఒడ్డున ఉండాలి. చేత్తో పట్టుకోవడం మాత్రం కుదరదు, మీ పిల్లలకే కాదు, మీకూ కుదరదు. ఇంకొక్క మాట, నా దృష్టిలో మిగతా అన్నిటికంటే ముఖ్యమైనది: మీరు వచ్చేదాకా తాబేలు పిల్లల్ని ఆపి ఉంచమని ఎవర్నీ అడగొద్దు, డబ్బిస్తామని అసలే అడగొద్దు.

నేను ఈ తీరంలోనే ఒక ఊళ్లో టీచర్ని. సీజన్ వస్తే మా ఊరి కుర్రాళ్లు రాత్రిళ్లు ఒడ్డు వెంట నడిచి గుడ్లు వెతుకుతారు, వీలున్న రోజుల్లో నేనూ వెళ్తాను, బడి పిల్లల్ని హేచరీకి తీసుకెళ్లేది కూడా నేనే. అలా చూసిందే రాస్తున్నాను.

ఆపొద్దు అని అంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, గుడ్డులోంచి బయటికి వచ్చిన పిల్లకి పొట్టలో కాస్త పచ్చసొన మిగిలి ఉంటుంది. అదే దానికి దారిబత్తెం. ఇసుక పైకి వచ్చింది మొదలు దాదాపు ఒక రోజు పాటు అది ఆగకుండా ఈదుతుంది, ఎందుకంటే దాన్ని తినే చేపలూ పక్షులూ ఎక్కువగా ఉండేది ఒడ్డు దగ్గరే, వీలైనంత త్వరగా ఆ చోటు దాటి లోతు నీళ్లలో పడాలి. దాన్ని టబ్బులో పెట్టి నాలుగు గంటలు ఉంచారనుకోండి, ఆ టబ్బులోనే గోడకి కొట్టుకుంటూ ఈదుతూ ఉంటుంది. సముద్రంలో ఖర్చు కావాల్సిన ఓపిక అక్కడే అయిపోతుంది. చూసేవాళ్లకి అది "భలే చురుగ్గా ఉంది" అనిపిస్తుంది. వెయ్యి పిల్లలు సముద్రంలోకి వెళ్తే పెరిగి పెద్దయ్యేది ఒకటో రెండో అని అంచనా. అంత తక్కువ అవకాశం ఉన్నదాని దగ్గర మన టిఫిన్ టైము కోసం నాలుగు గంటలు తీసుకోవడం న్యాయం కాదు.

ఒకసారి ఓ చోట, పేరు అనవసరం, సాయంత్రం పూట పెద్ద కార్యక్రమం పెట్టారు. పిల్లలు తెల్లవారుజామునే బయటికి వచ్చేశాయి, కానీ అతిథులు రావాలని పొద్దున్నుంచి టబ్బుల్లో ఉంచారు. ఉపన్యాసాలు అయ్యాయి, ఫొటోలు అయ్యాయి, అప్పుడు వదిలారు. చాలా పిల్లలు రెండడుగులు పాకి ఆగిపోయాయి, అల వచ్చి ముంచితే మళ్లీ కదిలాయి. చప్పట్లు మాత్రం బాగా కొట్టారు. నాకు ఆ రోజు చాలా బాధేసింది. పిలిచినవాళ్లకి గానీ వచ్చినవాళ్లకి గానీ చెడు ఉద్దేశం లేదు, ఎవరూ వాళ్లకి చెప్పలేదు, అంతే. అందుకే మీలాగా ముందే అడిగేవాళ్లు కనిపిస్తే ఇంత పొడుగ్గా చెబుతాను.

ఎక్కడికి రావాలి. మన తీరానికి వచ్చేవి దాదాపుగా ఆలివ్ రిడ్లే తాబేళ్లు. ఇటు పూసపాటిరేగ, భోగాపురం తీరం నుంచి అటు కళింగపట్నం, బారువ, కవిటి వైపు దాకా అక్కడక్కడా ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. నదులు సముద్రంలో కలిసే చోట్లంటే వీటికి ఇష్టం, మనకేమో అవి బోలెడు: కోనాడ దగ్గర చంపావతి, కళ్లేపల్లి దగ్గర నాగావళి, కళింగపట్నం దగ్గర వంశధార, బారువ దగ్గర మహేంద్రతనయ. హేచరీ అంటే పెద్ద బిల్డింగు ఏమీ ఊహించుకోకండి. అలలు అందనంత ఎత్తులో ఇసుక మీద కాస్త చోటుకి చుట్టూ వల కట్టి, పైన ఎండ పడకుండా నీడ వల వేసి ఉంటుంది, పక్కన కాపలా వాళ్లకి ఓ చిన్న పాక. ప్రతి ఏడాదీ అదే చోట ఉంటుందని కూడా లేదు. ఒడ్డు కోతకి గురైతే మరో చోటికి మారుస్తారు. అందుకే మ్యాప్ చూసి బయల్దేరకుండా అటవీ శాఖ జిల్లా ఆఫీసుకో, దగ్గర్లోని రేంజ్ ఆఫీసుకో ఫోన్ చేసి ఈ ఏడాది ఎక్కడ పెట్టారో అడగండి. దారిలో ఊళ్లో అడిగేటప్పుడు కూడా "తాబేళ్ల హేచరీ" అని పూర్తిగా అడగండి, ముఖ్యంగా భోగాపురం, పూసపాటిరేగ వైపు ఉత్త "హేచరీ" అంటే రొయ్య పిల్లల హేచరీకి పంపిస్తారు, అవి అక్కడ చాలా ఉన్నాయి.

ఏ రోజు రావాలి. ఇది చాలామందికి తెలియని సంగతి. తల్లి తాబేళ్లు జనవరి నుంచి మార్చి దాకా ఎక్కువగా ఒడ్డెక్కుతాయి. గుడ్డు పిల్ల కావడానికి సుమారు 45 నుంచి 60 రోజులు పడుతుంది, ఇసుక చల్లగా ఉంటే ఆలస్యం, ఎండలు ముదిరితే తొందర. ప్రతి గూడు మీదా చిన్న కర్రో అట్టో పాతి, గుడ్లు పెట్టిన తేదీ, ఎన్ని గుడ్లు, ఎక్కడ దొరికాయో రాసి ఉంచుతారు. కాబట్టి ఫోన్ చేసినప్పుడు "రేపు పిల్లలు వస్తాయా?" అని అడక్కండి, దానికి ఎవరూ జవాబు చెప్పలేరు. "45 రోజులు దాటిన గూళ్లు ఎన్ని ఉన్నాయి?" అని అడగండి. ఒకటో రెండో అంటే అదృష్టం మీద ఆధారపడాలి. పదో పదిహేనో ఉన్నాయంటే, రెండు రోజులు వరసగా తెల్లవారుజామున వస్తే చూసే అవకాశం బాగానే ఉంటుంది. అందుకే ఒక్క రోజు కాదు, రెండు ఉదయాలు కేటాయించుకోండి. శ్రీకాకుళంలో గానీ, బారువ వైపు అయితే సోంపేటలోనో పలాసలోనో గానీ బస చేసి, దర్శనాలు ఆ తర్వాత పెట్టుకోండి.

తెల్లవారుజామునే ఎందుకంటే, పిల్లలు గుడ్డు పగలగొట్టుకున్న వెంటనే పైకి రావు. లోపల అన్నీ కలిసి రెండు మూడు రోజులు ఇసుకని తొలుచుకుంటూ పైకి వస్తాయి. పై పొర వేడిగా ఉంటే కింద కదలకుండా ఆగిపోతాయి, చల్లబడ్డాక కదులుతాయి. చల్లబడేది రాత్రే కదా. కాబట్టి ఎక్కువ గూళ్లు రాత్రి నుంచి తెల్లారేలోపే తెరుచుకుంటాయి. రాత్రి వచ్చినవాటిని కాపలా వాళ్లు అప్పుడే వదిలేస్తారు, మీరు వచ్చేసరికి అయిపోయి ఉండొచ్చు. అది మంచి హేచరీ అని గుర్తు, నిరాశ పడకండి.

నిజంగా గూడు తెరుచుకోవడం చూడాలంటే కాస్త ఓపిక కావాలి. మొదట ఇసుక కొంచెం కిందికి దిగుతుంది, అరచేయంత చోట చిన్న పల్లం పడుతుంది. చాలాసేపు ఇంకేమీ ఉండదు. తర్వాత ఒక ఇసుక రేణువు దొర్లుతుంది. ఒక ముక్కు, నల్లగా, ఇసుక అంటుకుని బయటికి వస్తుంది, కళ్లు మూసుకునే ఉంటాయి. అది కదలదు, దాని పక్కన ఒక రెక్క బయటపడుతుంది, ఆ రెక్క దానిది కాదు, ఇంకోదానిది. ఒక్కసారిగా కింద నుంచి తోపు వచ్చినట్టు మొత్తం పొంగి, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ బయటికి వచ్చేస్తాయి. ఒక్కోటీ నాలుగు సెంటీమీటర్లు ఉంటుందంతే. గూటి మీద బోర్లించిన బుట్ట అంచు చుట్టూ తిరుగుతూ సముద్రం ఏ వైపు ఉందో వెతుక్కుంటాయి. మా బడి పిల్లలు, ఇంట్లో ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోనివాళ్లు, అక్కడ నోరు మెదపకుండా నిలబడతారు.

వదిలేటప్పుడు నీళ్లలో వేయరు, నీళ్లకి కొన్ని మీటర్ల ఇవతల ఇసుక మీద పెడతారు. అక్కడి నుంచి అవే పాక్కుంటూ పోవాలి. పెరిగి పెద్దయిన ఆడ తాబేలు గుడ్లు పెట్టడానికి తను పుట్టిన తీర ప్రాంతానికే తిరిగి వస్తుంది, ఆ చోటు గుర్తు పెట్టుకోవడంలో ఈ మొదటి నడకకీ ఈదుకుంటూ పోయిన నీళ్లకీ పాత్ర ఉందని తాబేళ్ల మీద పనిచేసేవాళ్లు నమ్ముతారు. ఎవరైనా జాలిపడి ఎత్తి నీళ్లలో వేయబోతే అందుకే ఆపుతారు, కోపం తెచ్చుకోకండి.

అక్కడ మీరు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. వాటికీ సముద్రానికీ మధ్య నిలబడకండి, వెనకే ఉండండి. మీ కాలి ముద్ర మీకు లెక్కలోకి రాదు, ఆ పిల్లకి మాత్రం అది గొయ్యి. పడితే ఎక్కడానికి చాలా సేపు పడుతుంది, ఈలోపు కాకి చూస్తుంది. మా వాళ్లు వదిలే ముందు చేత్తోనో చెక్కతోనో ఆ దారిలో ఇసుకని సాపు చేస్తారు, మీ బాబుకి ఆ పని అప్పగించమని అడగండి, సంతోషంగా ఇస్తారు. ఫోన్ లైటు, ఫ్లాష్ వద్దు. తాబేలు పిల్ల దారి తెలుసుకునేది వెలుతురుని బట్టి. చీకట్లో సముద్రం మీది ఆకాశం ఒడ్డు కంటే కాస్త తేటగా ఉంటుంది, అటు పోతుంది. ఒకసారి ఒకావిడ చీకటి వదలకముందే ఫోన్ కిందికి వంచి వీడియో తీస్తుంటే మూడు పిల్లలు సముద్రానికి వీపు పెట్టి నేరుగా ఆ స్క్రీన్ వైపు నడిచాయి. ఆవిడే చూసి ఫోన్ ఆపేశారు. తెల్లారాక, వెలుతురు వచ్చాక, ఫ్లాష్ లేకుండా ఎంతసేపైనా తీసుకోండి. డ్రోన్ ఎగరేస్తామంటే మాత్రం ఒప్పుకోరు.

చేత్తో ఎందుకు ముట్టుకోకూడదో మీ బాబు తప్పకుండా అడుగుతాడు. రెండు కారణాలు చెప్పండి. ఒకటి, చేతికి రాసుకున్న దోమల క్రీము, సన్‌స్క్రీన్ దానికి పడవు. రెండు, చట్టం. ఇవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, అంటే పులికి ఉన్నంత రక్షణ ఉంది. గుడ్లు తీసినా తాబేలుని పట్టినా మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. హేచరీ వాళ్లు అటవీ శాఖ తరఫున పనిచేస్తారు కాబట్టి ముట్టుకుంటారు, మనకి ఆ అనుమతి లేదు.

మీరు వచ్చిన పొద్దున ఒక్క గూడూ తెరుచుకోకపోతే? అలాంటప్పుడు కూడా వెనక్కి వెళ్లిపోకండి. ఒకసారి రెండు కార్లలో ఓ కుటుంబం పొద్దున పదింటికి వచ్చింది. కాపలా ఆయన "తెల్లారగట్లే ఎల్లిపోయాయి బాబూ, రేపు బేగి రండి" అన్నాడు. వాళ్లు రేపు పదింటిదాకా ఉంచండి, ఎంతైనా ఇస్తాం అన్నారు. ఆయన నవ్వి, "రండి, ఇంకోటి సూపిస్తాను" అని తీసుకెళ్లాడు. పిల్లలు వెళ్లిపోయిన గూడుని తర్వాత తవ్వి లెక్క చూస్తారు: ఎన్ని పెంకులు ఖాళీవి, ఎన్ని గుడ్లు అసలు పొదగలేదు, ఎన్ని మధ్యలో చనిపోయాయి. కాస్త వాసన వస్తుంది. మోచేతి దాకా చెయ్యి పెట్టి పెంకులు ఒక్కోటీ తీసి ఇసుక మీద పదేసి చొప్పున వరసలు పేరుస్తుంటే, ఆ కుటుంబంలోని పిల్లలు పక్కన గొంతుక్కూర్చుని లెక్కపెట్టారు. అడుగున మొక్కల వేళ్ల మధ్య చిక్కుకుని ఒక పిల్ల బతికే ఉంది. రెండు గంటలు కదల్లేదు వాళ్లు. ఇది పగటి పూట కూడా చూడొచ్చు, అడగాలంతే.

అసలు గుడ్లని హేచరీకి ఎందుకు తేవాలి, పెట్టిన చోటే ఉంచొచ్చు కదా అని మీరు అడగలేదు గానీ, వచ్చినవాళ్లలో తెలివైనవాళ్లు అడుగుతారు. నిజమే, గూడు ఉన్న చోటే ఉండగలిగితే అదే మేలు. కానీ మన ఒడ్డున ఊరకుక్కలు, నక్కలు, అడవి పందులు ఉన్నాయి, వాసన పట్టి ఒక్క రాత్రిలో వంద గుడ్లూ తినేస్తాయి. కొన్ని గూళ్లని పోటు ముంచేస్తుంది. అలాంటివాటినే తెస్తారు, అదీ గంటల వ్యవధిలో. గుడ్డు పెట్టిన కొద్ది గంటలకే లోపలి పిండం పెంకు లోపలి పొరకి అతుక్కుంటుంది, ఆ తర్వాత గుడ్డు దొర్లితే పిండం చచ్చిపోతుంది. మా కుర్రాళ్లు అర్ధరాత్రి నడిచేది అందుకే. తల్లి తవ్వినట్టే మూరెడు లోతున, పైన మెడ సన్నగా అడుగున వెడల్పుగా గుంట తవ్వి అందులో పెడతారు. నీడ వల ఎందుకంటే ఇసుక వేడిని బట్టే పిల్ల ఆడో మగో తేలుతుంది: సుమారు 29, 30 డిగ్రీల దగ్గర రెండూ వస్తాయి, అది దాటేకొద్దీ ఆడపిల్లలే, మరీ వేడెక్కితే పిండాలే బతకవు. ఏప్రిల్ ఎండలకి ఆ వల లేకపోతే కష్టం.

తల్లి తాబేలు గుడ్లు పెట్టడం చూడాలని రాత్రి టార్చ్ పట్టుకుని ఒడ్డు మీద తిరగొద్దు. ఒడ్డెక్కేటప్పుడు వెలుగో మనుషుల అలికిడో తగిలితే గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరిగిపోతుంది. పైగా మన దగ్గర ఒక్కొక్కటిగా వస్తాయి, రాత్రంతా నడిచినా కనపడకపోవచ్చు. లక్షల్లో ఒకేసారి వచ్చేది ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్తే గంజాం జిల్లా రుషికుల్య ముఖద్వారం దగ్గర, 2023లోనూ 2025లోనూ అక్కడ ఆరు లక్షలకి పైగా తాబేళ్లు గుడ్లు పెట్టాయి. దానికి తేదీ ముందుగా ఎవరికీ తెలియదు, జనం కూడా ఎక్కువ, చిన్న పిల్లలతో నేనైతే సలహా ఇవ్వను.

ఒక సంగతికి ముందే సిద్ధపడండి. ఒడ్డున చచ్చిన పెద్ద తాబేళ్లు కనిపించవచ్చు, నలభై కిలోల దాకా ఉండేవి, ఉబ్బిపోయి. పాప భయపడితే పక్కకి తీసుకెళ్లండి, బాబుకి మాత్రం నిజం చెప్పండి. తాబేలుకి మొప్పలు ఉండవు, ఊపిరి కోసం నీటి పైకి రావాలి. మరబోటు లాగే పెద్ద వలలో చిక్కితే పైకి రాలేక ఊపిరాడక చనిపోతుంది. వలలోంచి తాబేలు బయటపడే పరికరం ఉంది, అమర్చితే కొంత చేప కూడా పోతుందని కొందరు అమర్చరు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది గానీ, తల్లులు ఎక్కువగా ఒడ్డు దగ్గర తిరిగేది అంతకు ముందే. దీనికి మా ఊరి మత్స్యకారుల్ని తిట్టుకోవద్దు. రాత్రంతా నడిచి గుడ్లు కాపాడేది కూడా వాళ్ల పిల్లలే. వలలో బతికి ఉన్న తాబేలు పడితే దండం పెట్టి నీళ్లలోకి వదిలేసే పెద్దవాళ్లు ఇక్కడ ఇప్పటికీ ఉన్నారు, కూర్మనాథుడి జిల్లా కదా. అన్నట్టు శ్రీకూర్మం గుడిలో మీరు చూసేవి నక్షత్ర తాబేళ్లు, నేల మీద బతికేవి. వాటిని సముద్రంలో వేస్తే చచ్చిపోతాయి, పిల్లలకి ఆ తేడా గుడి దగ్గరే చెప్పేస్తే ఒడ్డున ప్రశ్నలు తగ్గుతాయి.

డబ్బు సంగతి. పిల్లల్ని వదిలినందుకు అని ఎవరి చేతిలోనూ డబ్బు పెట్టకండి. ఆ అలవాటు మొదలైతే రేపు డబ్బిచ్చేవాళ్ల కోసం పిల్లల్ని ఆపడం మొదలవుతుంది, నా భయమంతా అదే. ఏదైనా ఇవ్వాలని ఉంటే ఏం కావాలో అడిగి తెచ్చివ్వండి, హెడ్‌లైట్లకి బ్యాటరీలు, గ్లవ్స్ లాంటివి ఎప్పుడూ అవసరమే. టీ, టిఫిన్ ఊళ్లోనే చేయండి.

ఇక మీ నాలుగేళ్ల పాప. తీసుకురండి, కానీ నిద్ర లేపి తెస్తారు కాబట్టి తిక్కగా ఉండొచ్చు, ఎత్తుకోవడానికి ఒకరు ఖాళీగా ఉండాలి. ఒడ్డు మీద చెప్పులు తీసేయమంటుంది, సరుగుడు తోటల పక్కన ముళ్లు, గాజు పెంకులు ఉంటాయి, తీయనివ్వకండి. మా తీరంలో చాలా చోట్ల అల కాళ్లు లాగేస్తుంది, నదీముఖాల దగ్గర మరీ ఎక్కువ, తాబేళ్ల వెంట నీళ్లలోకి పరిగెత్తకుండా చెయ్యి పట్టుకునే ఉండండి. మీరు ఏ తేదీన వస్తున్నారో, శ్రీకాకుళం వైపా సోంపేట వైపా ఎక్కడ బస చేస్తున్నారో రాయండి, ఆ దగ్గర్లో ఏ రేంజ్ ఆఫీసుకి ఫోన్ చేయాలో చెబుతాను.